సైన్యం ఎన్నికైన ప్రభుత్వం మాట వినాలంటే: ఏ దేశం దారి ఎవరికి పనికొస్తుంది?

పాకిస్తాన్‌లో ఏదైనా జరిగినప్పుడల్లా మనవాళ్ల మధ్య ఒకే చర్చ మొదలవుతుంది. అక్కడ ఆర్మీ మాటిమాటికీ గద్దె ఎక్కుతుంది, మన దగ్గర ఒక్కసారి కూడా ఎందుకు ఎక్కలేదు అని. జవాబులు కూడా అరిగిపోయినవే: మన సైన్యానికి క్రమశిక్షణ ఎక్కువ, నెహ్రూ గట్టివాడు, ఇంత పెద్ద దేశాన్ని ఎవడు పట్టుకోగలడు. కానీ 1947 ఆగస్టు దాకా ఆ రెండూ ఒకే సైన్యం కదా. ఒకే అకాడమీల్లో శిక్షణ పొందారు, ఒకే మెస్సుల్లో తిన్నారు, రెండో ప్రపంచ యుద్ధంలో పక్కపక్కన పోరాడారు. దేశం రెండుగా చీలినప్పుడు క్రమశిక్షణ అంతా ఒక పక్కకే వచ్చిందంటే నమ్మడం కష్టం. తేడా వచ్చింది ఆ తర్వాత పదేళ్లలో, ఎన్నికైనవాళ్లు ఏ పని ముందు చేశారు, ఏది వాయిదా వేశారు, ఏది అసలు ముట్టుకోలేదు అన్న దగ్గర.

అందుకే దీన్ని ఒక ఎంపికలా చూద్దాం. ఒక దేశం ఇప్పుడిప్పుడే ప్రజాస్వామ్యంలోకి వచ్చింది, ఎన్నికలయ్యాయి, కొత్త ప్రధాని ప్రమాణం చేశాడు, తుపాకులు మాత్రం ఇంకా పాత జనరల్స్ దగ్గరే ఉన్నాయి. ఆ ప్రధాని ముందు ఏ దారులున్నాయి, ఏది ఎక్కడ పనిచేసింది, ఏది ఎవరి కొంప ముంచింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఏ దారి పట్టినా మొదట తేల్చుకోవాల్సింది సైన్యంలో ప్రమోషన్లు, పోస్టింగులు ఎవరి సంతకంతో జరుగుతాయన్నదే. డబ్బు, కోర్టులు, రాజ్యాంగ సవరణలు అన్నీ దాని తర్వాత.

చేతిలో ఏముందో చూసుకోండి

దారి ఎంచుకునే ముందు సైన్యం అధికారం నుంచి ఎలా వెళ్లిందో చూడాలి. ఓడిపోయి వెళ్లిందా, బేరమాడి వెళ్లిందా, లేక అసలు గద్దె ఎక్కనే లేదా?

అర్జెంటీనాలో 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటన్ చేతిలో చిత్తుగా ఓడాక సైనిక పాలకులకు మొహం చూపించుకునే పరిస్థితి లేకపోయింది. చిలీలో సైనిక నియంత పినోచెట్ 1988 అక్టోబరు 5న ప్రజాభిప్రాయ సేకరణలో ఓడాడు, నిజమే, కానీ తను రాయించుకున్న రాజ్యాంగం ప్రకారమే దిగాడు, ఆర్మీ చీఫ్ కుర్చీ మాత్రం వదల్లేదు. మన దేశంలో వలస పాలకుల సైన్యం కొత్త ప్రభుత్వానికి యథాతథంగా వచ్చింది, దానికి పాలించిన అలవాటు లేదు. ఈ మూడు చోట్లా ప్రధాని లేదా అధ్యక్షుడు ఒకే పని చేసినా ఫలితం ఒకేలా ఉండదు. ఓడిన సైన్యం మీద చెల్లే ఆర్డరు బేరమాడి దిగిన సైన్యం మీద చెల్లదు. ఇది చూసుకోకుండా పక్క దేశాన్ని కాపీ కొట్టినవాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు.

సైన్యమే లేకుండా చేయడం

దీన్ని త్వరగా ముగిద్దాం, ఎందుకంటే చాలా దేశాలకు ఇది అందుబాటులో లేదు. కోస్టారికాలో 1948 అంతర్యుద్ధం గెలిచిన హోసె ఫిగెరెస్ అదే ఏడాది డిసెంబరు 1న సైన్యాన్ని రద్దు చేసేశాడు, 1949 రాజ్యాంగంలో 12వ అధికరణంగా రాసేశారు. ఆ రద్దు ప్రకటించిన బ్యారక్ ఇప్పుడు నేషనల్ మ్యూజియం. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ అది చిన్న దేశం, గెలిచినవాడి చేతిలోనే అప్పటి సైన్యం ఉంది, పక్కనున్న నికరాగువా నుంచి దాడి వస్తే అమెరికా ఖండాల దేశాల కూటమి అడ్డుపడే ఏర్పాటు అప్పటికే ఉంది. ఆ మూడూ ఉంటే తప్పకుండా ఆలోచించండి. సరిహద్దు గొడవ ఉన్న దేశమైతే మిగతా దారులు చదవండి.

"మనవాడిని" చీఫ్‌గా పెట్టుకోవడం

అందరికీ మొదట తట్టేది ఇదే, అన్నిటికంటే చెడ్డదీ ఇదే. సీనియర్లను పక్కనపెట్టి, నోట్లో నాలుక లేనట్టు కనిపించే ఒకణ్ని, మనకు రుణపడి ఉంటాడనుకున్నవాణ్ని తెచ్చి కూర్చోబెట్టడం.

జుల్ఫికర్ అలీ భుట్టో 1976లో అనేకమంది సీనియర్లను దాటించి జియా-ఉల్-హక్‌ని ఆర్మీ చీఫ్ చేశాడు. 1977 జులై 5న ఆ జియానే కుట్ర చేసి భుట్టోని దించాడు, 1979లో ఉరికంబం ఎక్కించాడు. ఇంత జరిగాక కూడా నవాజ్ షరీఫ్ 1998లో సీనియారిటీని పక్కనపెట్టి ముషారఫ్‌ని తెచ్చుకున్నాడు. ఏడాది తిరగ్గానే, 1999 అక్టోబరు 12న ఆ ముషారఫే షరీఫ్‌ని దించాడు. ఈజిప్టులో ఎన్నికైన అధ్యక్షుడు మోర్సీ 2012 ఆగస్టులో పాత జనరల్స్‌ని ఇంటికి పంపి సీసీని రక్షణ మంత్రిగా, సైన్యాధిపతిగా పెట్టినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు, 2013 జులై 3న సీసీ ఆయన్నే జైలుకి పంపాడు. చిలీలో అధ్యక్షుడు అలెండే కథ కొంచెం వేరు, ఆయన సీనియారిటీ ప్రకారమే, రాజీనామా చేస్తున్న జనరల్ ప్రాట్స్ మాట మీదే పినోచెట్‌ని తీసుకున్నాడు. అది 1973 ఆగస్టు 23. సెప్టెంబరు 11న ఆ పినోచెట్టే కుట్ర చేసి ఆయన్ని దించాడు.

ఇక్కడ కృతజ్ఞత లెక్కలోకి రాదు. చీఫ్‌గా కూర్చున్న మరుక్షణం నుంచి ఆయన బలం కింద ఉన్న కోర్ కమాండర్ల నుంచి వస్తుంది, ప్రధాని నుంచి కాదు. పైగా "ఇతను ప్రధాని మనిషి" అనే మచ్చ పోగొట్టుకోవడానికి మిగతా జనరల్స్ ముందు గట్టిగా కనిపించాల్సిన అవసరం కూడా ఆయనకు పడుతుంది.

దీనికే ఇంకో రూపం, సైన్యానికి పోటీగా తన సొంత దళాన్ని పెంచుకోవడం. ఘనాలో ఎన్‌క్రుమా తన అధ్యక్ష రక్షక దళానికి మంచి ఆయుధాలు, మంచి సౌకర్యాలు ఇచ్చి పెంచాడు, మామూలు సైన్యానికి కడుపు మండింది. 1966 ఫిబ్రవరి 24న ఆయన ఆసియా పర్యటనలో ఉండగా దించేశారు. దళం కొంత పోరాడింది కానీ నిలవలేదు.

మన దారి: నిదానంగా, ఫైళ్ల మీద

మన దేశం చేసినదాంట్లో సినిమా తీసేంత సన్నివేశం ఏదీ లేదు, అందుకే ఎవరికీ పెద్దగా గుర్తుండదు. బ్రిటిష్ వాళ్ల కాలంలో కమాండర్-ఇన్-చీఫ్ అంటే వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యుడు, హోదాలో వైస్రాయి తర్వాత ఆయనే అన్నట్టు ఉండేది. స్వాతంత్ర్యం రాగానే ఆ కుర్చీ మంత్రివర్గం నుంచి బయటికి వెళ్లింది, రక్షణ మంత్రిగా బల్దేవ్ సింగ్ వచ్చాడు, ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లకు విడివిడిగా అధిపతుల్ని పెట్టారు. ఢిల్లీలో కమాండర్-ఇన్-చీఫ్ ఉండే పెద్ద భవనం, అదే ఇప్పుడు తీన్ మూర్తి భవన్ అంటున్నది, ప్రధాని నివాసమైంది. ఇల్లు మారడం చిన్న విషయంగా కనిపిస్తుంది, కానీ ఢిల్లీలో ఎవరు ఎవరి ఇంట్లో ఉంటున్నారో మిలిటరీ ఆఫీసర్లకు బాగా అర్థమవుతుంది. 1955లో ఏకంగా చట్టం చేసి కమాండర్-ఇన్-చీఫ్ అనే హోదానే తీసేశారు, ముగ్గురూ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌లయ్యారు, సర్వోన్నత అధికారం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రపతి దగ్గర ఉంది.

అదే సమయంలో అవతల పాకిస్తాన్‌లో ఏం జరిగిందో చూడండి. అయూబ్ ఖాన్ 1951లో సైన్యాధిపతి అయ్యాడు, 1954లో సైన్యాధిపతిగా ఉంటూనే రక్షణ మంత్రి కూడా అయ్యాడు, పదవీకాలం పొడిగిస్తూ పోయారు. 1958 అక్టోబరు 7న అధ్యక్షుడు ఇస్కందర్ మీర్జా మార్షల్ లా పెట్టాడు, అదే నెల 27న అయూబ్ మీర్జానే దేశం నుంచి పంపేశాడు. మన దగ్గర తొలి భారతీయ చీఫ్ కరియప్ప 1949 జనవరి 15న వచ్చి నాలుగేళ్లకు రిటైరై ఆస్ట్రేలియాకు హైకమిషనర్‌గా వెళ్లాడు. సమయానికి దిగిపోవడం, ఊరికే కూర్చోకుండా దూరంగా ఒక గౌరవప్రదమైన పని, అంతే కిటుకు.

మనకు దగ్గరి ఉదాహరణ హైదరాబాదే. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ తర్వాత మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఇక్కడ మిలిటరీ గవర్నర్. ఒక పెద్ద సంస్థానం మొత్తం ఒక జనరల్ చేతిలో ఉంది, పక్కన తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తోంది, "శాంతిభద్రతలు ఇంకా కుదుటపడలేదు" అని ఎన్నేళ్లయినా కూర్చోవడానికి కావాల్సినంత సాకు ఉంది. కానీ 1949 చివర్లో ఆయన వెళ్లిపోయి ఐసీఎస్ అధికారి వెల్లోడి వచ్చాడు, 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. (ఆ కాలంలో సైన్యం, పోలీసులు ఊళ్లలో చేసినవి వేరే కథ, దాన్ని ఈ లెక్కతో కప్పిపుచ్చలేం.) ఆ చౌధురే 1962లో ఆర్మీ చీఫ్ అయ్యాడు, 1966లో దిగి కెనడాకు హైకమిషనర్‌గా వెళ్లాడు. ఇంకో తెలుగు లింకు: 1981 నుంచి 1983 దాకా చీఫ్‌గా ఉన్న జనరల్ కె.వి. కృష్ణారావు మనవాడే. ఆయన దిగినప్పుడు తర్వాతి సీనియర్ ఎస్.కె. సిన్హాని కాదని ఇందిరా గాంధీ వైద్యను ఎంచుకుంది. సిన్హా ముందుగానే రిటైర్మెంట్ తీసుకుని ఇంటికి వెళ్లాడు. ఒక్క ట్యాంకు కదల్లేదు. సీనియారిటీ తప్పించినా సైన్యం కదలకుండా ఉందంటే, అప్పటికి ముప్ఫై ఏళ్లకు పైగా చేసిన పని వల్ల.

ఈ దారిలో లోపం కూడా ఉంది, అది దాచను. పౌర నియంత్రణ అంటే మంత్రి ఇష్టం, గుమస్తా ఫైలు అనుకునే దాకా వెళ్లింది. 1959లో రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌తో పడక చీఫ్ తిమ్మయ్య రాజీనామా ఇచ్చాడు, నెహ్రూ బుజ్జగించి వెనక్కి తీయించాడు. ప్రమోషన్లలో మంత్రి వేలు పెట్టి తన ఇష్టులను పైకి తేవడం మొదలయ్యాక ఏమైందో 1962లో చైనా సరిహద్దులో చూశాం. చీఫ్‌ల నియామకం ప్రభుత్వం చేతిలో ఉండాలి, సరే, కానీ బ్రిగేడియర్ పోస్టింగ్ దాకా మంత్రి చూస్తుంటే సైన్యం లొంగుతుంది, యుద్ధం మాత్రం చేయలేదు. త్రివిధ దళాలకు కలిపి చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్‌ని పెట్టడానికి మనకు 2020 జనవరి దాకా పట్టింది. అన్ని దళాలమీదా ఒకే జనరల్ అంటే నాయకులకు ఉన్న పాత భయం కూడా ఆ ఆలస్యానికి ఒక కారణం.

ఒక్క దెబ్బతో: కొరియా, నైజీరియా

దక్షిణ కొరియాలో సైన్యం లోపల హనాహో అని ఒక రహస్య క్లబ్బు ఉండేది. 1979 డిసెంబరు 12 కుట్ర చేసిన చున్ డూ-హ్వాన్, రో టే-వూ ఆ క్లబ్బు వాళ్లే, మంచి పోస్టులన్నీ వాళ్లకే. కిమ్ యంగ్-సామ్ 1993 ఫిబ్రవరి 25న అధ్యక్షుడయ్యాడు, రెండు వారాలు కూడా కాకుండా మార్చి 8న ఆర్మీ చీఫ్‌ని, సైనిక నిఘా విభాగం అధిపతిని ఒకేరోజు పీకేశాడు. తర్వాత నెలల్లో క్లబ్బు సభ్యుల్ని వరుసగా ఏరేశాడు. వాళ్లు కూడబలుక్కునే లోపే అయిపోయింది. ఇందులో నేర్చుకోవాల్సింది ఆ రెండో పేరు: చీఫ్‌తో పాటు నిఘా అధిపతిని కూడా అదే రోజు తీయడం. చీఫ్‌ని ఒక్కడినే తీస్తే ఫోన్లు వినేవాడు మిగిలిపోతాడు. అంతకుముందు చున్ కుట్ర చేసింది కూడా ఆ నిఘా విభాగం కుర్చీలోంచే.

నైజీరియాలో ఒబసాంజో 1999 మే 29న అధ్యక్షుడిగా బాధ్యతలు తీసుకుని, గత సైనిక ప్రభుత్వాల్లో గవర్నర్లుగా, మంత్రులుగా పదవులు అనుభవించిన ఆఫీసర్లందర్నీ రెండు వారాల్లో రిటైర్ చేయించాడు. తొంభై మందికి పైగానే. ఎవరు మంచివాడు, ఎవరు చెడ్డవాడు అని విడదీయలేదు. రాజకీయ పదవి రుచి చూశావా, ఇంటికి వెళ్లు. ఏ తెగ, ఏ ప్రాంతం అనే గొడవ తగ్గించిన ప్రమాణం అది. ఆయనే మాజీ జనరల్ కాబట్టి ఎవరు ఎవరో తెలుసు, ఇది కూడా మరిచిపోకూడదు.

ఈ దారి ఎవరికంటే: భారీ మెజారిటీతో గెలిచి, జనంలో ఊపు ఉండి, సైన్యంలో ఆ క్లబ్బు అంటే పడని ఆఫీసర్లు చాలామంది ఉన్న చోట. ఊపు ఆరు నెలలకు మించి ఉండదు. మూడో ఏడాది చేద్దాంలే అనుకుంటే అప్పటికి ధరలు పెరిగాయని జనమే తిడుతుంటారు, జనరల్‌కి ధైర్యం వస్తుంది.

కేసులు పెట్టాలా, వద్దా

మనుషుల్ని చంపించినవాళ్లు పెన్షన్ తీసుకుంటూ తిరుగుతుంటే కొత్త ప్రభుత్వానికి నిద్ర ఎలా పడుతుంది? ఈ ప్రశ్నకు నా దగ్గర అందరికీ సరిపోయే జవాబు లేదు, మూడు దేశాలు మూడు రకాలుగా చేశాయి.

అర్జెంటీనాలో అల్ఫోన్సిన్ 1983 డిసెంబరు 10న అధ్యక్షుడిగా వచ్చి మొదటి వారంలోనే సైనిక ముఠాల నాయకులు 9 మంది మీద కేసులకు ఆదేశించాడు. సైనిక పాలనలో మాయమైనవాళ్ల గురించి వేసిన కమిషన్ 1984లో 8,960 మంది లెక్క తేల్చింది. 1985 డిసెంబరులో ఆ తొమ్మిది మందిలో విదేలా, మసేరాలకు యావజ్జీవం పడింది. ఇక్కడి దాకా ఆయన చాలా ధైర్యంగా చేశాడు. అసలు తంటా తర్వాత వచ్చింది. కేసులు పైనున్న తొమ్మిది మందితో ఆగకుండా కింది మేజర్లు, కెప్టెన్ల దాకా పాకాయి, ఎవరి మీద ఎప్పుడు సమన్లు వస్తాయో తెలియక బ్యారక్‌లన్నీ టెన్షన్‌లో పడ్డాయి. 1987 ఈస్టర్ వారంలో మొహాలకు నల్లరంగు పూసుకున్న ఆఫీసర్లు ఆల్డో రికో నాయకత్వంలో తిరగబడ్డారు. జనం లక్షల్లో వీధుల్లోకి వచ్చి ప్రభుత్వం వైపు నిలబడ్డారు, కానీ తిరుగుబాటు అణచమంటే కదిలే సైనికులే కరువయ్యారు. కొత్త కేసులకు గడువు పెట్టే చట్టం అప్పటికే 1986లో వచ్చింది, ఇప్పుడు పైవాళ్ల ఆజ్ఞలు పాటించినవాళ్లను వదిలేసే చట్టం కూడా చేశారు. తర్వాతి అధ్యక్షుడు మెనెమ్ జనరల్స్‌కే క్షమాభిక్ష పెట్టాడు. ఆ చట్టాలు 2005లో సుప్రీంకోర్టు కొట్టేశాకే కేసులు మళ్లీ నడిచాయి, విదేలా 2013లో జైల్లోనే పోయాడు.

చిలీలో పినోచెట్ తర్వాత అధ్యక్షుడైన ఐల్విన్ మొదట నిజాలు తేల్చే కమిషన్ వేసి కేసుల్ని వెనక్కి నెట్టాడు. స్పెయిన్ 1977లో అందరికీ క్షమాభిక్ష చట్టం చేసి గతాన్ని తవ్వనే తవ్వలేదు. సైన్యం విషయంలో అది పనిచేసింది, కానీ నియంత ఫ్రాంకో కాలంలో గుంటల్లో పాతిపెట్టినవాళ్ల మనవలు ఇంకా ఎముకల కోసం వెతుకుతున్నారు.

నన్నడిగితే అల్ఫోన్సిన్ తప్పు కేసులు పెట్టడంలో లేదు. ఆజ్ఞలిచ్చినవాళ్లకు, పాటించినవాళ్లకు మధ్య గీత ఎక్కడుందో మొదటి రోజే చట్టంలో రాయకపోవడంలో ఉంది. గీత ముందు గీస్తే అది న్యాయం, తిరుగుబాటు అయ్యాక గీస్తే అది లొంగుబాటు. ఇప్పుడు ఎవరి మీదా కేసు పెట్టలేని పరిస్థితి ఉన్నా సరే, ఫైళ్లు మాత్రం తగలబడకుండా చూసుకోండి. సాక్ష్యాలు ఉంటే ఇరవై ఏళ్ల తర్వాతైనా కేసు నడుస్తుంది.

బేరం: గడువు రాసుకున్నారా?

బేరమాడితే తప్పేం లేదు, చాలా దేశాలకు వేరే దారే ఉండదు. ఆ బేరం నుంచి బయటికి వచ్చే తలుపు ఎక్కడుందన్నదే చూసుకోవాలి.

చిలీ బేరం చూడటానికి ఘోరంగా ఉండేది. పినోచెట్ 1998 మార్చి దాకా ఆర్మీ చీఫ్, అధ్యక్షుడికి చీఫ్‌ల్ని తీసే అధికారం లేదు, సెనేట్‌లో నామినేటెడ్ సభ్యులు, ప్రభుత్వ రాగి కంపెనీ కోడెల్కో ఎగుమతుల ఆదాయంలో 10 శాతం నేరుగా ఆయుధాల కొనుగోలుకి. 1993 మేలో పినోచెట్ కొడుకు చెక్కుల కేసు మళ్లీ తెరుచుకుంటే కమాండోలు రాజధాని నడిబొడ్డున యుద్ధ దుస్తుల్లో నిలబడ్డారు. కానీ ఆ రాజ్యాంగాన్ని పార్లమెంటులో ఓట్లతో సవరించే వీలుంది, పినోచెట్‌కి వయసైపోతోంది. 2005లో అధ్యక్షుడు లాగోస్ హయాంలో నామినేటెడ్ సెనేటర్లు పోయారు, చీఫ్‌ల్ని తీసే అధికారం అధ్యక్షుడికి వచ్చింది. రాగి చట్టం రద్దు కావడానికి 2019 దాకా పట్టింది. మధ్యలో 2002లో మిషెల్ బాచెలెట్ రక్షణ మంత్రి అయింది. ఆమె తండ్రి ఎయిర్‌ఫోర్స్ జనరల్, కుట్ర చేసినవాళ్ల నిర్బంధంలోనే 1974లో చనిపోయాడు.

ఇక మయన్మార్. 2008 రాజ్యాంగంలో పార్లమెంటు సీట్లలో 25 శాతం సైన్యానివి, సవరణకు 75 శాతానికి పైగా ఓట్లు కావాలి. లెక్క చూసుకోండి, సైన్యం ఒప్పుకోకుండా ఒక్క అక్షరం మారదు. రక్షణ, హోం, సరిహద్దు శాఖల మంత్రుల్ని సైన్యాధిపతే పంపుతాడు. ఆంగ్ సాన్ సూకీ ఎన్నికలు గెలుస్తూ పోయింది, 2021 ఫిబ్రవరి 1న ఆమెనే అరెస్టు చేశారు. రెండూ బేరాలే, చిలీ గదికి తలుపు ఉంది, దీనికి లేదు.

ఇండోనేషియా ఈ రెండిటికీ మధ్యలో ఉంది. సుహార్తో 1998లో దిగాక 1999లో పోలీసుల్ని సైన్యం నుంచి విడదీశారు, 2004 నాటికి పార్లమెంటులో సైన్యం సీట్లు పూర్తిగా పోయాయి, అదే ఏడాది చేసిన చట్టం సైన్యం నడిపే వ్యాపారాలన్నీ ఐదేళ్లలో ప్రభుత్వానికి అప్పగించాలంది. ఊరి స్థాయి దాకా ఉన్న సైనిక కార్యాలయాల్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. 2025 మార్చిలో ఆ చట్టాన్నే సవరించి, సర్వీసులో ఉన్న ఆఫీసర్లు పనిచేయగల ప్రభుత్వ సంస్థల సంఖ్యను 10 నుంచి 14కి పెంచారు, అప్పటికి అధ్యక్షుడు మాజీ జనరల్ ప్రబోవో. ముట్టుకోకుండా వదిలేసింది ఇరవై ఏళ్లకు మళ్లీ పెరిగింది.

ఎక్కువ దేశాలకు నేను చెప్పేది స్పెయిన్ దారి

ఫ్రాంకో 1975లో పోయాడు. ఆయన సైన్యం ఆయనలాగే ఉంది. 1976లో ఉపప్రధానిగా వచ్చిన గుతియెర్రెస్ మెల్యాదో స్వయంగా జనరల్, ఫ్రాంకో వైపు పోరాడినవాడే, కాబట్టి "బయటివాడు" అనే వీల్లేదు. 1977లో మూడు సైనిక మంత్రిత్వ శాఖల్ని కలిపి ఒకే రక్షణ శాఖ చేశారు, 1979లో మొదటిసారి సివిలియన్ రక్షణ మంత్రి వచ్చాడు. అప్పటికీ సైన్యం మారలేదు, 1981 ఫిబ్రవరి 23న లెఫ్టినెంట్ కల్నల్ తెహెరో దాదాపు రెండు వందల మంది సివిల్ గార్డులతో (అక్కడి సాయుధ పోలీసులు) పార్లమెంటులోకి వచ్చి పైకప్పుకి కాల్పులు జరిపాడు, వాలెన్సియా వీధుల్లోకి ట్యాంకులు వచ్చాయి. రాజు టీవీలో మాట్లాడాక అది చల్లారింది.

అందరూ ఆ రాత్రి గురించే చెప్తారు. నాకు ఆసక్తి తర్వాత జరిగిన విసుగెత్తించే పని మీద. కుట్రదారుల్లో ఒకడైన జనరల్ అర్మాదాకు సైనిక కోర్టు ఆరేళ్లు వేస్తే ప్రభుత్వం అప్పీలుకెళ్లింది, 1983లో సుప్రీంకోర్టు 30 ఏళ్లు చేసింది, సైనిక కోర్టు తీర్పు మీద పౌర కోర్టు ఉందని అందరికీ తెలిసొచ్చింది. 1982లో వచ్చిన నార్సిస్ సెర్రా 1991 దాకా రక్షణ మంత్రిగానే ఉన్నాడు. మంత్రి తొమ్మిదేళ్లు కుర్చీలో ఉంటే జనరల్స్‌కి "ఇతను పోతాడులే" అని ఎదురుచూసే ఆట కుదరదు. 1984 చట్టంతో ఆజ్ఞ ప్రధాని నుంచి రక్షణ మంత్రి ద్వారా వెళ్తుందని, చీఫ్‌ల పని సలహా అని తేల్చారు. ఆఫీసర్ల సంఖ్య తగ్గించారు, ప్రమోషన్‌లో వయసుతో పాటు ప్రతిభ లెక్క పెట్టారు, సైనిక కోర్టుల పరిధి సైనిక నేరాలకే కుదించారు. బదులుగా జీతాలు, ఆయుధాలు బాగుచేశారు, 1982లో చేరిన నాటో వల్ల ఆఫీసర్లకు బయట చేయడానికి పని దొరికింది. లోపల శత్రువుల్ని వెతకడం అలవాటైనవాళ్లకు బయట గౌరవప్రదమైన పని ఇవ్వడం చాలా పెద్ద విషయం, ఇది మిగతా దేశాలు తక్కువగా అర్థం చేసుకున్నాయి. 2008లో ఏడు నెలల గర్భిణి కార్మె చకోన్ రక్షణ మంత్రిగా గౌరవ వందనం తీసుకుంటే ఆర్మీలో ఎవరూ కిక్కురుమనలేదు.

ఇందులో దాదాపు ఏదీ డబ్బున్న దేశమైతేనే కుదిరేది కాదు, నాటో తప్ప. దాని బదులు ఐక్యరాజ్యసమితి శాంతి దళాలకు పంపొచ్చు, చాలా చిన్న దేశాలు అదే చేస్తున్నాయి.

మరి ఏది ఎవరికి

సైన్యం ఓడి వెళ్లిందా, ఆలస్యం చేయకండి: గీత గీసిన చట్టంతో పైవాళ్ల మీద కేసులు, అదే నెలలో నిఘా అధిపతి మార్పు, దేశంలోపలి భద్రత పోలీసులదే అని చట్టం. అర్జెంటీనా ఆ చివరి పని 1988లో చేసింది, మొదటి ఏడాదే చేసుంటే బాగుండేది. బేరమాడి వెళ్లిందా, ప్రతి రాయితీకీ గడువు తేదీ అడగండి, తేదీ ఇవ్వకపోతే కనీసం మామూలు మెజారిటీతో సవరించే వీలు అడగండి, అదీ లేకపోతే ఆ బేరం వద్దు. స్వాతంత్ర్యంతో పాటు సంక్రమించిందా, మన పద్ధతి: మంత్రివర్గంలో కుర్చీ తీసేయడం, నిర్ణీత పదవీకాలం, పొడిగింపు లేకపోవడం. పొడిగింపు విషయంలో అసలు దయ చూపొద్దు. సైన్యంలోనే ఒక ముఠా తయారై ఉందా, మీకు జనం ఊపు ఉందా, కొరియా దారి, అదీ మొదటి నెలలోనే.

డబ్బు విషయం ఎప్పుడంటే, పోస్టింగులు చేతికొచ్చాక. సైన్యానికి సొంత వ్యాపారాలుంటే బడ్జెట్ మీద పార్లమెంటు ఓటు వట్టి తంతు. కానీ ఆ వ్యాపారాలు ఒక్కసారిగా మూయిస్తే, వాటి మీద బతికే జవాన్ల ఇళ్లు, ఆసుపత్రులు ఎవరు నడుపుతారో ముందే లెక్క వేసుకోవాలి. ఇండోనేషియాలో అప్పగింత సాగతీతగా నడవడానికి ఇదీ ఒక కారణం.

ఒక సంగతి మిగిలింది

ఇప్పటిదాకా ఎన్నికైనవాడు మంచివాడు, జనరల్ చెడ్డవాడు అన్నట్టే రాశాను. టర్కీలో ఎర్డోగాన్ సైన్యం కొమ్ములు విరిచాడు, 2016 కుట్రని కూడా తట్టుకున్నాడు, చివరికి సైన్యం పార్లమెంటు చేతికి కాక ఒక్క మనిషి చేతికి వెళ్లింది. కొరియాలో 2024 డిసెంబరు 3 రాత్రి మార్షల్ లా ప్రకటించింది జనరల్ కాదు, ఎన్నికైన అధ్యక్షుడు యూన్. ఆయన రక్షణ మంత్రి, సైనిక కౌంటర్ ఇంటెలిజెన్స్ అధిపతి ఇద్దరూ ఆయన చదివిన హైస్కూల్ వాళ్లే, మళ్లీ అదే "మనవాడు" లెక్క. ఆ కౌంటర్ ఇంటెలిజెన్స్ కూడా 1993లో కిమ్ మొదట ఊడ్చిన నిఘా విభాగానికి వారసురాలే.

అక్కడ దాన్ని ఆపినవాటిలో ఒకటి రాజ్యాంగంలో 77వ అధికరణం: జాతీయ అసెంబ్లీ మెజారిటీతో అడిగితే అధ్యక్షుడు మార్షల్ లా ఎత్తేయాల్సిందే. అర్ధరాత్రి, కొందరైతే గోడలు దూకి, వచ్చిన సభ్యులు 190 మంది ఓటేశారు, బయట నిలబడ్డ సైనికుల్లో చాలామంది ముందుకు తోయడానికి జంకారు, తెల్లారేలోపు ఎత్తేశారు. కాబట్టి సైన్యం ప్రభుత్వం మాట వినాలని రాసే చట్టంలోనే ఇంకో పేజీ రాసుకోండి: అధ్యక్షుడూ పార్లమెంటూ చెరో మాట చెప్తే గేటు దగ్గరున్న కెప్టెన్ ఎవరి మాట వినాలి, చట్టవిరుద్ధమైన ఆజ్ఞ కాదన్నందుకు అతని ఉద్యోగం పోకుండా ఎవరు చూస్తారు. అది ఆఫీసర్ల అకాడమీలో మొదటి ఏడాదే చెప్పే పాఠంగా ఉండాలి, గొడవ వచ్చిన రాత్రి వాట్సాప్‌లో వెతుక్కునేదిగా కాదు.